ముందు వరస గొంతు

బస్సుల గరాజులో చిరిగిన సీట్లు కుట్టే ఆయనకు ఎడమ కన్ను లేదు. అయ్యో పాపం అని ఎవరైనా జాలిపడితే ఆయనకు ఒళ్ళు మండిపోయేది. జాలి దేనికి, కుళ్ళుకోవాలి గానీ. ఆ కన్ను ఏ జబ్బుకో, ఏ సూదికో పోయింది కాదు. వయసులో ఉండగా, లోకమంతా వెర్రెత్తిపోయిన ఒక బ్యాండు కచేరీలో పోయింది. మూడో పాట మధ్యలో గాయకుడు పాట ఆపేసి, వేదిక అంచుదాకా నడిచి వచ్చి, ముందు వరసలో ఉన్న ఈయన్ని వేలు పెట్టి చూపించి, తన ఎడమకాలి బూటు విప్పి విసిరాడు. మడమకు కొట్టిన ఇనప రేకు సరిగ్గా కంట్లో దిగింది. మైదానం నిండా అంత జనం ఉంటే ఆ మహానుభావుడి కాలి బూటు దక్కింది తన ఒక్కడికే. నక్కతోక తొక్కి వచ్చినవాడికి రెండో కన్ను ఉంటే ఎంత, లేకుంటే ఎంత?

ఇది ఆయన లెక్క. ఈ లెక్క మీదే ఆయన ముప్పై ఏళ్ళు బతికాడు. గరాజులో ఆయన వట్టి సీట్లాయన. పాత రెక్సిన్ చింపి, మురిగిపోయిన స్పాంజి పీకేసి, కొత్తది కూరి కుట్టడం ఆయన పని. మెకానిక్కులు ఆయన్ని మనిషిగా కూడా పెద్దగా లెక్కపెట్టేవాళ్ళు కాదు. అదే ఆదివారం పొద్దున జిరాక్సు షాపు మీది గదికి మెట్లెక్కి వెళ్తే, అక్కడ ఆయన బూటన్న. బ్యాండు అభిమానులు చేరేది ఆ గదిలోనే. షాపు యజమానే వాళ్ళకు ప్రెసిడెంటు. గదిలో అందరికీ ప్లాస్టిక్ కుర్చీలు, బూటన్నకు మాత్రం స్పీకర్ల ఎదురుగా మెత్తటి సీటు. అది ఆయనే కుట్టుకుని తెచ్చి వేసుకున్నాడనుకోండి, అయినా దాంట్లో ఇంకొకరు కూర్చునే ధైర్యం చేసేవాళ్ళు కాదు.

మూడో పాట రాగానే అందరూ లేచి నిలబడి, ఎడమకాలి చెప్పో బూటో విప్పి పైకెత్తి పట్టుకోవాలి. ఆ ఆచారం పెట్టింది ఈయనే. తర్వాత అది ఊరూరా అభిమానులకు పాకింది. ఎత్తనివాళ్ళని ఈయన ఊరుకునేవాడు కాదు. ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సమ్మ, ఈ మధ్యనే వాళ్ళ పాటలు వినడం మొదలుపెట్టానని, చివరి రోజుల పాటలే తనకు ఎక్కువ ఇష్టమని నోరుజారింది. బూటన్న ఆమెను గది మధ్యలో నిలబెట్టి, మొదటి రికార్డు నుంచి వరసగా పాటల పేర్లు చెప్పమన్నాడు. ఆమె తడబడింది. తడబడినచోటల్లా ఈయన నవ్వాడు, ఈయన నవ్వితే అందరూ నవ్వాలి గనక అందరూ నవ్వారు. ఆమె ఏడుస్తూ దిగి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఇలాంటివి ఆయన ఖాతాలో చాలా ఉన్నాయి. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు గానీ, ఈయనకు జరిగింది చూస్తే అంతకన్నా ఎక్కువే అనిపిస్తుంది.

బూటన్న పాడేవాడు కూడా. పాట మొదలవగానే గాయకుడికన్నా అరక్షణం ముందే అందుకుని, గడ్డం ముందుకు పొడిచి, మాట మధ్యలో గుక్క తిప్పుకుని, చివర్లో ఎక్కిళ్ళు వచ్చినట్టు ఒక ఎత్తు ఎత్తి వదిలేవాడు. గొంతు మంచిదని ఆయన గట్టి నమ్మకం. కాదని చెప్పేవాళ్ళేరీ? గాయకుడే ఏరుకున్న మనిషికి శ్రుతి లేదని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? మిగతావాళ్ళు కుర్చీలు స్పీకర్ల దగ్గరికి జరుపుకునేవాళ్ళు.

ఆ కచేరీకి సంబంధించి ఆ గదిలో ఒక పెద్ద దుఃఖం ఉండేది. ఆ రోజు కంపెనీవాళ్ళు కచేరీ మొత్తాన్ని రికార్డు చేశారని అందరికీ తెలుసు, ఆ రికార్డు ఎందుకు బయటికి రాలేదో మాత్రం ఎవరికీ తెలియదు. తగలబడిపోయిందని కొందరు, కంపెనీ యజమాని కడుపుమంటతో తొక్కేశాడని కొందరు. మిగిలిందల్లా ఎవరో వెనక వరసల్లో కూర్చుని తీసిన ఒక అరిగిపోయిన క్యాసెట్టు. అందులో మూడో పాట దగ్గర ఒక వింత ఏడుపు వినిపిస్తుంది. అది గిటారు ఏడుపని, అలాంటి శబ్దం ఆ బ్యాండు తర్వాత ఎన్నడూ చెయ్యలేదని వాళ్ళ నమ్మకం. మందుల షాపాయన ఒకాయన, అందరూ గిటారు బాబాయి అంటారు, ఆ ఏడుపుని తన గిటారులో పలికించాలని ఏళ్ళ తరబడి వేళ్ళు అరగదీసుకున్నాడు. దాని గురించి బూటన్న దగ్గర కూర్చుని సందేహాలు అడిగేవాడు. బూటన్న కళ్ళు, అదే, కన్ను మూసుకుని, దగ్గర నుంచి వింటే ఇంకా గొప్పగా ఉందని చెప్పేవాడు.

ఇక భార్య. ఆమె ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. పెళ్ళయిన కొత్తలోనే ఆయన వెంట ఆ కచేరీకి వెళ్ళింది. బ్యాండు ఏమిటో, పాటేమిటో ఆమెకు తెలియదు. ఆమెకు గుర్తున్నవి రెండే: తన ఒళ్ళోకి కారిన రక్తం, ఆసుపత్రిలో మత్తిచ్చేదాకా ఆయన వదలని ఆ బూటు. తర్వాత చాలా కాలం సూదిలో దారం ఎక్కించడానికి ఆయనకు గురి కుదిరేది కాదు. ఆమె పనికి వెళ్ళేముందు సూదులన్నిటికీ దారాలు ఎక్కించి, గుచ్చి పెట్టి వెళ్ళేది. ఆమెకు కూనిరాగాలు తీసే అలవాటుండేది, శ్రుతి తప్పని గొంతు. మొదట్లోనే ఆయన, "ఇంట్లో పాడే మనిషి ఒకరు చాలు" అన్నాడు. ఆమె మానేసింది.

అలా ఉండగా, ఎప్పుడో విడిపోయి ముసలివాళ్ళయిపోయిన ఆ బ్యాండువాళ్ళు తమ కథని పుస్తకంగా రాస్తున్నారని తెలిసింది. అభిమానులకు కాళ్ళు నేలమీద ఆగలేదు. బూటన్న సంగతి ఇంక చెప్పక్కర్లేదు. తను అందులో ఉండి తీరతాడని ఆయన గరాజంతా చాటింపు వేశాడు. పేరు తెలియకపోవచ్చు, బూటు అందుకున్న భక్తుడని రాస్తారు, అంతే చాలు. నిజానికి ఆయనకు ఆ ఒక్క పేజీయే కావాలి. ఆ పేజీ ఉంటే ఆయన ఇచ్చిన కంటికి విలువ కట్టినట్టు. లేకపోతే ఆయన ఊరికే కన్ను పోగొట్టుకున్న ఒక సీట్లాయన. ఇది ఆయనకు తెలుసు, అందుకే నవ్వుతూ చాటింపు వేస్తున్నా ఇంటికొచ్చాక ముద్ద దిగేది కాదు.

పుస్తకం వచ్చిన ఆదివారం అందరూ కలిసి చదువుకోవాలని ప్రెసిడెంటు ఏర్పాటు చేశాడు. గొంతు స్పష్టంగా ఉంటుందని చదివే పని బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మకు అప్పగించాడు. ఆ రోజు బూటన్న కొత్త చొక్కా వేసుకుని, భార్యను కూడా బయల్దేరదీశాడు.

"ఇన్నేళ్ళూ నాది పిచ్చనుకున్నావుగా, వచ్చి నీ చెవులతో నువ్వే విను" అన్నాడు.

పిచ్చి అని ఆమె ఎన్నడూ అనలేదు. ఆ మాట చెప్పకుండానే వచ్చి, తలుపు పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

టీచరమ్మ బాగా చదువుతోంది. బ్యాండు పుట్టుక, మొదటి రికార్డు, వాళ్ళ పోట్లాటలు. గదిలో ఉన్నవాళ్ళు ఎక్కడికక్కడ తలలూపుతున్నారు. చదువుతూ చదువుతూ ఆమె ఆ కచేరీ దగ్గరికి వచ్చి, ఒకసారి ఆగి, బూటన్న వైపు చూసి నవ్వింది. ఆయన సీట్లో సర్దుకుని వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. గాయకుడు తన మాటల్లో రాసుకున్నది ఆమె చదివింది:

"ఆ రోజు కంపెనీవాళ్ళు లారీ నిండా యంత్రాలు దింపారు. మా డ్రమ్మరు తన బతుకంతటిలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. మూడో పాట మొదలైంది. ముందు వరసలోంచి ఒక గొంతు లేచింది. కడుపునొప్పి వచ్చిన గాడిద కూడా అంతకంటే శ్రుతిలో అరుస్తుంది. ప్రతి మాటా నాకన్నా ముందే, నాకన్నా గట్టిగా. మా మైకులన్నిటిలోనూ అదే పడుతోంది. పాట ఆపి, వేలు చూపించి, నోరు ముయ్యమన్నాను. నేనేదో మెచ్చుకున్నట్టు ఆ గొంతు ఇంకా రెచ్చిపోయింది. బూటు విప్పి నోటికి గురిపెట్టి కొట్టాను. కాస్త పైన తగిలింది. ఎవరికో కన్ను పోయిందని తర్వాత చెప్పారు. మాకు రికార్డు పోయింది. ఆ టేపులు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. నా జీవితంలో ఒక్క మంచి రోజు ఉంటే అది గాడిద తినేసిందని చెప్పి డ్రమ్మరు ఆ వారమే వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు."

వెనక నుంచి ఒకరు నవ్వు ఆపుకోలేక దగ్గారు. దాంతో గది మొత్తం పగలబడింది. గాడిద మాట మళ్ళీ చదవమన్నారు. టీచరమ్మ చదివింది. ఇంకోసారి అన్నారు, ఇంకోసారి చదివింది. రాతలో కూడా మన గాయకుడు గాయకుడే, ఎంత ఒడుపుగా అన్నాడో చూశారా అని ప్రెసిడెంటు మురిసిపోయాడు. ఒక మనిషి ముఖం మీద ఇనప రేకున్న బూటు పెట్టి కొట్టి, కాస్త పైన తగిలిందని రాసుకున్నవాణ్ణి తప్పుపట్టడానికి ఆ గదిలో ఒక్క ప్రాణికి నోరు రాలేదు. కథ చెబుతున్న నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోయేది అక్కడే. కొట్టినవాడు గొప్పవాడైతే దెబ్బతిన్నవాడిదే తప్పు, ఇది వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అప్పటిదాకా బూటన్న వైపు ఎవరూ చూడలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయనే చెయ్యెత్తి కంటిని తడుముకున్నాడు. అప్పుడు చూశారు.

"అంటే అన్నా, అది గిటారు కాదన్నమాట" అన్నాడు గిటారు బాబాయి నెమ్మదిగా.

ప్రెసిడెంటు లేచి వెళ్ళి ఆ క్యాసెట్టు పెట్టాడు. మూడో పాట, ఆ ఏడుపు. ఒకసారి సంగతి తెలిశాక ఇంక అది గిటారుగా వినిపిస్తుందా? గడ్డం ముందుకు పొడిచి అరుస్తున్న మనిషి కళ్ళకు కడుతున్నాడు. గిటారు బాబాయి తన చేతివేళ్ళ వైపు చూసుకున్నాడు. పాపం, ఆయన నవ్వలేదు. ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది, ఆ ఏడుపు కాసేపటికి కోపంగా మారి అందరికీ అంటుకుంది. ఇన్నేళ్ళూ మా నెత్తికెక్కి కూర్చున్నావన్నారు. మా రికార్డు మింగింది నువ్వే అన్నారు. ఆ డ్రమ్మరు తర్వాత తాగి తాగి ఒక అద్దె గదిలో దిక్కులేక చచ్చిపోయాడు, ఆ చావూ తెచ్చి ఈయన ఒళ్ళోనే పెట్టారు. ఆ సీట్లోంచి లేవమని ప్రెసిడెంటు అన్నాడు. అన్నది మెల్లగానే, అయినా అందరికీ వినబడింది.

బూటన్న లేచి నిలబడ్డాడు. ఏదో ఒకటి ఇప్పుడే, ఈ క్షణాన చెప్పకపోతే ఈ మెట్లు మళ్ళీ ఎక్కలేనని ఆయనకు అర్థమైంది. మునిగిపోయేవాడికి గడ్డిపోచ చాలంటారు. ఆయన చుట్టూ చూశాడు. తలుపు పక్కన కూర్చున్న భార్య కనబడింది.

"పాడింది నేను కాదు" అన్నాడు. ఆమె వైపు వేలు చూపించాడు. "మా ఆవిడ."

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. ఆమెకప్పట్లో పాటల పిచ్చి ఎక్కువట, నోరుమూయమని తను చెబుతున్నా వినలేదట, బూటు ఆమె ముఖం మీదికి వస్తుంటే తను అడ్డం వెళ్ళాడట. కన్ను అలా పోయిందట. భార్య పరువు తియ్యడం ఇష్టంలేక ఇన్నేళ్ళూ గుట్టు కడుపులో దాచుకున్నాడట. తన త్యాగానికి తనకే కన్నీళ్ళొచ్చాయి.

గదిలోవాళ్ళంతా వెనక్కి తిరిగి ఆమెను చూశారు. ఆమె ఆయన్ని చూసింది. ఏం చూసిందో మనకు తెలియదు. సూదిలో దారం ఎక్కించినట్టే ఇదీ తను చెయ్యాల్సిన పనే అనుకుందేమో.

"అవునండి, నేనే" అంది.

గదికి ప్రాణం లేచొచ్చింది. నిజానికి వాళ్ళకూ బూటన్న కావాలి. ఆయనే గాడిదైతే, ఆయన మాట విని చెప్పులెత్తిన వాళ్ళందరూ ఏమవుతారు? ఆడమనిషి మీదికి తోసేస్తే ఎవరికీ నష్టం లేదు. కొందరు నమ్మేశారు కూడా. నమ్మనివాడు గిటారు బాబాయి ఒక్కడే. ఆయనకు వేళ్ళ బాధ ఇంకా తగ్గలేదు.

"అయితే వదినా, క్యాసెట్టు మళ్ళీ పెడతాను, ఆ మూడో పాటలో నాలుగు మాటలు దాంతో కలిసి పాడి వినిపించండి" అన్నాడు.

బూటన్నకు ఇది ముందు తట్టలేదు. ఆమె గొంతు శ్రుతి తప్పదు. నోరు తెరిచిందంటే చక్కగా పాడుతుంది, పాడిందంటే తన పని అయిపోయినట్టే. ఆయన అందరి వెనక నుంచీ ఆమె వైపు చూస్తూ, చెడగొట్టు, చెడగొట్టి పాడు అని పెదవులతో చెప్పాడు. ఆమెకు అర్థమైంది. తల ఊపి, లేచి నిలబడి, పమిట సర్దుకుని పాడింది.

ఎంత ఘోరంగా పాడిందంటే మొదటి మాటకే ఆయనకు ప్రాణం కుదుటపడింది. ఛీ, ఇంత దరిద్రపు గొంతు లోకంలో ఉంటుందా అనుకున్నాడు. పాటకన్నా అరక్షణం ముందు అందుకుంది. గడ్డం ముందుకు పొడిచింది. మాట మధ్యలో గుక్క తిప్పుకుంది. చివర్లో ఎక్కిళ్ళు వచ్చినట్టు ఒక ఎత్తు ఎత్తి వదిలింది. ఆయన సంతోషం పట్టలేక అందరికన్నా ముందు నవ్వాడు. నవ్వుతూ చుట్టూ చూస్తే జనం ఆమెను చూడటం లేదు. ఒక్కొక్క ముఖమే ఇటు తిరుగుతోంది.

"అచ్చం అన్నే" అని ఎవరో అన్నారు.

అప్పుడు తెలిసింది ఆయనకు. తన గొంతు ఎలా ఉంటుందో బతుకులో మొదటిసారి విన్నాడు, అదీ పెళ్ళాం నోటి నుంచి. గది గదంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వుతోంది. టీచరమ్మ పుస్తకం మూసి కళ్ళు తుడుచుకుంటోంది. ఆ నవ్వుల మధ్య ఆమె ఒక్కతే నవ్వకుండా, ఇంకా పాడాలా చాలా అన్నట్టు ఆయన వైపు చూస్తూ నిలబడింది.

మెట్లు దిగి వీధిలోకి రాగానే ఆయన ఆమెను ఆపాడు. ఎందుకలా చేశావని అడిగాడు.

"చెడగొట్టి పాడమన్నారుగా" అంది ఆమె. "నాకు వచ్చిన చెడ్డ పాట అదొక్కటే. ముప్పై ఏళ్ళుగా రోజూ వింటున్నదే."

అందులో వెటకారం ఉందేమోనని ఆయన వెతికాడు. లేదు. ఉంటే బావుండేది, కనీసం తిట్టడానికి దారి దొరికేది. దారి లేకపోయినా ఇంటికి వెళ్ళాక తిట్టాడు. నిండా ముంచావన్నాడు, కావాలనే చేశావన్నాడు. ఆమె వింటూ మర్నాటికి తన లాండ్రీ చీర మడత పెట్టుకుంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని సామెత. బూటు దెబ్బ ముప్పై ఏళ్ళు తియ్యగానే ఉంది, ఆ నవ్వే ఆయనకు అరగలేదు.

ప్రెసిడెంటు ఊరుకున్నాడా? జిరాక్సు షాపు సొంతం, కాగితానికి కొదవలేదు. ఆ పేజీ కాపీలు తీసి గది గోడలకు అంటించాడు, వేరే ఊళ్ళ అభిమానులందరికీ పంపాడు. అక్కడివాళ్ళు కొందరు మొదట్లో గొడవ చేశారు. పుస్తకం ఎవరో అద్దె రాతగాడు రాశాడని, మన గాయకుడు భక్తుణ్ణి అలా కొట్టే మనిషి కాదని వాదించారు. ఆ నాలుగు రోజులూ సీట్లాయనకు ప్రాణం లేచివచ్చింది. తర్వాత గాయకుడే రేడియోలో ఆ కథ మళ్ళీ చెప్పి, ఆ గొంతుని అనుకరించి మరీ నవ్వాడు. దాంతో వాదనలు ఆగిపోయాయి. ఊరూరా మూడో పాట వచ్చినప్పుడు చెప్పులెత్తడం మానేసి, గాడిదలాగా ఓండ్రపెట్టడం మొదలుపెట్టారు. గరాజుకు కూడా ఒక కాపీ చేరింది. సీట్లాయన స్పాంజి మోసుకుంటూ వెళ్తుంటే బస్సు కింద పడుకుని పనిచేస్తున్న మెకానిక్కు ఒకడు అక్కణ్ణుంచే ఓండ్రపెట్టేవాడు.

తర్వాతి ఆదివారం ఆయన అలవాటు చొప్పున వెళ్ళాడు. ఆయన సీటు కిందికి దింపి జిరాక్సు షాపులో వేశారు, దానిమీద ఎవరో కాగితాలు తీయించుకోవడానికి వచ్చినావిడ కూర్చునుంది. పైన చోటు లేదని చెప్పి పంపేశారు. ఆ పై ఆదివారమూ అంతే. వీధికి అవతలి వైపు నిలబడి, కిటికీలోంచి వచ్చే పాటలు వినేవాడు. పాట విని పెదవులు కదిలితే, ఎవరైనా చూశారేమోనని చేత్తో నోరు మూసుకునేవాడు. ఎంత చెడ్డవాడైనా ఆ చెయ్యి అలా నోటిమీదికి వెళ్ళడం చూస్తే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది.

ఏటా వాళ్ళు పండగలా జరుపుకునే కచేరీ రోజు దగ్గరికి వస్తోంది. ఆ రోజుకి వేరే ఊళ్ళ నుంచి కూడా అభిమానులు వస్తారు. అంతకు ముందు ప్రెసిడెంటు స్వయంగా గరాజుకు వచ్చాడు. కుడుతున్న సీటు పక్కన నిలబడి, బయటి ఊళ్ళవాళ్ళు పుస్తకంలోని ఆ గొంతుని వినాలని మరీ మరీ అడుగుతున్నారని చెప్పాడు. సీట్లాయన సూది వదిలేసి లేచాడు. తనను పాడమంటారనుకున్నాడు, పాడటానికి సిద్ధమే.

"నువ్వు కాదన్నా, వదిన్ని తీసుకురా" అన్నాడు ప్రెసిడెంటు. "నువ్వు పాడితే ఏడుపొస్తుంది. ఆవిడ పాడితే నవ్వొస్తుంది. ఆవిడ వస్తే నువ్వూ రావచ్చు."

తన సీటు సంగతేమిటని ఆయన అడిగాడు. ఎక్కడో ఒకచోట కూర్చోవచ్చులే అన్నాడు ప్రెసిడెంటు.

చెబితే నమ్మరు గానీ, ఆ పూట ఆయన గాల్లో తేలుతూ ఇంటికి వెళ్ళాడు. ఆమె లాండ్రీ నుంచి వచ్చేసరికి తనే టీ పెట్టి ఇచ్చాడు. పెళ్ళయ్యాక అది మొదటిసారి. ఆమె గ్లాసు పట్టుకుని, ఏదో ఉందని తెలిసి, తాగకుండా ఆగింది. ఆయన చెప్పాడు. నాలుగు మాటలేనని, పాడేసి వచ్చేద్దామని, మొన్నటిలాగే ఉంటే చాలని చెప్పాడు.

"నేను పాడుతుంటే మీరేం చేస్తారు?" అని అడిగింది.

"నవ్వుతాను. నేనూ నవ్వితే వాళ్ళకు తప్పనిపించదు."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఆ రోజు మిమ్మల్ని కాపాడదామని పాడాను. ఇప్పుడు పాడితే ఎవర్ని కాపాడినట్టు?"

"నన్నే. ఆ గది లేకపోతే నాకింక ఏముంది?"

"నేను?" అంది.

"నువ్వెక్కడికి పోతావు?" అన్నాడాయన. ప్రేమగానే అన్నాడు. ఆ మాటలో తప్పేముందో ఆయనకు ఈరోజుకీ తెలియదు.

ఆమె టీ తాగేసి గ్లాసు కడిగి బోర్లించింది. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. ఆయన మాత్రం రోజూ ఎత్తాడు. బతిమాలాడు, అలిగాడు, పస్తున్నాడు, ఒకరోజు కాళ్ళు కూడా పట్టుకున్నాడు. కచేరీ రోజు పడిన ఆదివారం లాండ్రీలో ఎవరో సెలవు పెడితే వాళ్ళ పని కూడా తనే చేస్తానని ఒప్పుకుని ఆమె పొద్దున్నే వెళ్ళిపోయింది.

ఆయన ఒక్కడే వెళ్ళాడు. గది కిక్కిరిసిపోయి ఉంది. తెలియని ముఖాలే ఎక్కువ. వదిన ఏదని ప్రెసిడెంటు తలుపు దగ్గరే అడిగాడు.

"రాలేదు. నేనే పాడతాను. మీరు నవ్వండి, నేనేం అనుకోను" అన్నాడాయన.

ఇందుకోసమే ఆయన ఆ వారమంతా గరాజులో ఖాళీ బస్సెక్కి, తలుపులు వేసుకుని సాధన చేశాడు. తన గొంతుని కాదు, తన భార్య పాడిన తన గొంతుని. ప్రెసిడెంటు ఏమనుకున్నాడో, పోనీలే అన్నట్టు దారిచ్చాడు. పాడబోయేది ఎవరో చెప్పగానే బయటి ఊళ్ళవాళ్ళు ముందుకు తోసుకొచ్చి, ముఖాల మీద నవ్వు ముందే సిద్ధం చేసుకుని నిలబడ్డారు. స్పీకర్లలో మూడో పాట మొదలైంది. ఆయన గడ్డం ముందుకు పొడిచాడు. ముందే అందుకున్నాడు. గుక్క తిప్పుకున్నాడు. చివరి ఎక్కిళ్ళు రెండింతలు చేశాడు. పాడుతూ మధ్యమధ్యలో ఒక కంటితో వాళ్ళ ముఖాలు వెతుక్కున్నాడు. ఎవరూ నవ్వలేదు. సిద్ధం చేసుకున్న నవ్వులు కూడా ఒక్కొక్కటే సడలిపోయాయి. నాలుగు మాటలూ అయిపోయినా ఆయన ఆపలేదు, నవ్వు వచ్చేదాకా పాడాలని పై చరణం అందుకున్నాడు.

దూరం నుంచి వచ్చిన ఒకాయన ప్రెసిడెంటు వైపు వంగి, "ఈయనేనా? పుస్తకంలోనే బావుంది" అన్నాడు.

నిజమేనని ప్రెసిడెంటు తలూపి, చెయ్యి చాపి స్పీకర్ల శబ్దం పెంచాడు.